గుంటూరులో సొంతిల్లు: ప్లాన్ అప్రూవల్ నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా

ప్లాన్ ఆలస్యమైతే అందరూ తిట్టేది టౌన్ ప్లానింగ్ వాళ్లనే. కానీ ఆగిన ఫైళ్లను విప్పి చూస్తే చాలావాటిలో జబ్బు ఒకటే: దస్తావేజులో ఒక కొలత, నేల మీద ఇంకో కొలత, ప్లాన్‌లో గీసింది మూడో కొలత. ఈ మూడూ కలిసేదాకా దరఖాస్తు పెట్టకండి. ఆ పని సరిగ్గా జరిగితే ఆన్‌లైన్‌లో జరిగే తంతు నిజానికి చిన్నదే.

ఇక్కడ చెప్పేదంతా గుంటూరు నగరపాలక సంస్థ పరిధిలో, రెండు వందల గజాల లోపు స్థలంలో, సొంతానికి కట్టుకునే రెండు మూడు అంతస్తుల ఇంటి గురించి. అపార్ట్‌మెంట్ల లెక్క వేరు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా, వాటిని అమ్మాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా కావాలి. మూల నిబంధనలు 2017 మార్చిలో జీవో 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్. వాటికి సవరణలు వస్తూనే ఉన్నాయి. కాబట్టి కింద ఇచ్చిన కొలతలతో అంచనా వేసుకోండి, గీయించే ముందు మాత్రం ప్రస్తుత పట్టికతో సరిచూడమని ఇంజనీరుకు చెప్పండి.

మీ స్థలం ఎవరి పరిధిలో ఉంది, ఏ లేఅవుట్‌లో ఉంది

బ్రాడీపేట, అరండల్‌పేట, కొత్తపేట లాంటి పాత పేటల్లో ఈ ప్రశ్నే రాదు. చిక్కంతా శివార్లలో. 2012లో నల్లపాడు, గోరంట్ల, అడవితక్కెళ్లపాడు, పెదపలకలూరు, అంకిరెడ్డిపాలెం, రెడ్డిపాలెం, ఏటుకూరు, బుడంపాడు, పొత్తూరు, చౌడవరం నగరంలో కలిశాయి. ఇప్పుడు అక్కడ ఇంటి ప్లాన్ ఇచ్చేది కార్పొరేషనే. కానీ ప్లాట్లు చాలావరకు అవి పంచాయతీలుగా ఉన్నప్పుడు వేసినవి. అమ్మేటప్పుడు ‘పంచాయతీ అప్రూవ్డ్’ అని చెప్పి ఉంటారు. ఆ మాటను నమ్మకండి. సాంకేతిక అనుమతి లేకుండా, పంచాయతీ తీర్మానంతోనే వేసిన లేఅవుట్‌ను అనుమతి లేనిదిగానే చూస్తారు. అడగాల్సింది ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు. టౌన్ ప్లానింగ్ శాఖగానీ, ఒకప్పటి పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడాగానీ, దాని స్థానంలో 2014 చివర్లో వచ్చిన సీఆర్‌డీఏగానీ ఇచ్చిన నంబరై ఉండాలి. నంబరు చెప్తే చాలదు. లేఅవుట్ నకలులో మీ ప్లాట్ నంబరు కనిపించాలి. పార్కు కోసం వదిలిన జాగాను ప్లాట్లుగా కోసి అమ్మిన సందర్భాలు బయటపడేది ఈ నకలు చూసినప్పుడే.

ఎల్‌పీ నంబరు లేకపోతే రెండు సంగతులు చూడాలి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద ఆ ప్లాట్‌ను ఎవరైనా క్రమబద్ధం చేయించారా అన్నది మొదటిది. అమ్మినాయన కట్టి ఉంటే ఆ ఉత్తర్వు మీకూ చెల్లుతుంది, అడిగి తీసుకోండి. లేదంటే రెండోది: లేఅవుట్‌లో ఖాళీ జాగా వదలనందుకు స్థలం విలువలో 14 శాతం కట్టాల్సి వస్తుంది. గజం 10,000 రూపాయల లెక్కన 160 గజాల స్థలం విలువ 16 లక్షలు అనుకుంటే, 14 శాతం అంటే 2,24,000 రూపాయలు. ఇంటి బడ్జెట్ వేసుకునేటప్పుడు ఎక్కువమంది మర్చిపోయే పెద్ద అంకె ఇదే. ప్లాట్ కొనకముందే ఇది చదువుతుంటే బేరంలో ఈ మొత్తాన్ని తగ్గించి అడగండి.

కార్పొరేషన్ సరిహద్దు దాటితే దరఖాస్తు అదే వెబ్‌సైట్‌లో పెట్టినా, పరిశీలించేది వేరే సంస్థ అవుతుంది. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగితే పరిధి ఏదో చెప్తారు.

కాగితాలు

సొంత పేరున రిజిస్టరైన దస్తావేజు, దానికి ముందున్న లింకు దస్తావేజులు, ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), ఖాళీ స్థలం పన్ను రసీదు, మార్కెట్ విలువ పత్రం, ఆధార్, స్థలం ఫొటోలు. జాబితా ఇంతే. పేచీ ఒక్కో కాగితం లోపల ఉంటుంది.

దస్తావేజులో ముందు చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, చదవండి. పాత దస్తావేజులో ‘తూర్పు: 20 అడుగుల బాట’ అని ఉండి, మీ దస్తావేజులో ‘తూర్పు: బజారు’ అని మాత్రమే ఉంటే రోడ్డు వెడల్పు దగ్గర ప్రశ్న వస్తుంది. సర్వే నంబరు, ప్లాట్ నంబరు, నాలుగు వైపుల కొలతలు, మొత్తం గజాలు అన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. 30 అడుగులు, 48 అడుగులు అని రాసి, మొత్తం 165 గజాలు అని ఉంటే అక్కడే తప్పుంది. 30ని 48తో హెచ్చిస్తే 1,440 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 160 గజాలు. ఇలాంటి తప్పు ఉంటే ప్లాన్‌కు వెళ్లకముందే, అమ్మినవాళ్లు అందుబాటులో ఉండగానే సవరణ దస్తావేజు రాయించుకోండి. ఏళ్లు గడిచాక వాళ్ల వారసులను వెతుక్కుని సంతకాలు పెట్టించడం ఎంత కష్టమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందున్న ఏ లేఖరిని అడిగినా చెప్తాడు.

ఆస్తి పిత్రార్జితమైతే ఒక్కరి పేరున దరఖాస్తు నడవదు. భాగ పంపకం రిజిస్టరై ఉండాలి, లేదా హక్కుదారులందరూ దరఖాస్తుదారులుగా ఉండాలి. ‘అన్నదమ్ములం, మాలో మాకు గొడవల్లేవు’ అన్న మాట ఫైలులో పనికిరాదు.

సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఏలో, ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీ ప్లాట్‌కు సంబంధం లేకపోయినా, అదే సర్వే నంబరులో కొంత భాగం ప్రభుత్వ భూమైతే నంబరు మొత్తం జాబితాలోకి ఎక్కి ఉండొచ్చు. అప్పుడు తహసీల్దారు ఆఫీసులో సబ్‌డివిజన్ తేల్చుకోవాలి, దానికి సమయం పడుతుంది. విలీన గ్రామాల్లో పొలాన్ని ప్లాట్లు చేసిన చోట, గతంలో నాలా మార్పిడికి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడానికి) డబ్బు కట్టిన రసీదు, ఉత్తర్వు ఉంటే వాటినీ జత చేయండి.

ఖాళీ స్థలం పన్ను కొన్నప్పటి నుంచి కట్టకపోతే బకాయి మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పాత ఇల్లు పడగొట్టి కట్టేవాళ్లకు మాత్రం కావాల్సింది ఆ ఇంటి పన్ను రసీదు. ఆ అసెస్‌మెంట్ తాతగారి పేరునే ఉండిపోతే ముందు పేరు మార్పించండి.

టేపు పట్టుకునే రోజు

ఈ పని ఒక్క పూటలో అయిపోతుంది, మొత్తం వ్యవహారంలో దీనికంటే విలువైన పూట లేదు. ఇంజనీరు ఆఫీసులో కూర్చుని దస్తావేజు చూసి గీసిన ప్లాన్‌ను ఒప్పుకోకండి. ఆయన స్థలానికి రావాలి.

నాలుగు వైపులతో పాటు మూలమూలలూ కొలవండి. 30, 48 అడుగుల స్థలం నిజంగా చదరంగా ఉంటే రెండు కర్ణాలూ 56 అడుగుల 7 అంగుళాల దగ్గర రావాలి. ఒకటి 56, ఇంకొకటి 57 వస్తే స్థలం వంకర ఉన్నట్టే, సెట్‌బ్యాక్‌లు (హద్దు నుంచి ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా) ఆ వంకరను బట్టి గీయాలి. నేల మీద కొలత దస్తావేజు కంటే తక్కువొస్తే తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఎక్కువొస్తే సంబరపడొద్దు. ఆ ఎక్కువ జాగా వీధిదో పక్కవాళ్లదో అయి ఉంటుంది.

రోడ్డు వెడల్పును డ్రైన్లతో కలిపి, ఎదురింటి ప్రహరీ నుంచి మీ హద్దు దాకా కనీసం మూడు చోట్ల కొలవండి. ఇప్పుడున్న వెడల్పుతో పని అయిపోదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధిని ఎంతగా చూపారన్నది అసలు ప్రశ్న. చాలకపోతే రోడ్డు మధ్య గీత నుంచి లెక్కగట్టి లోటులో సగం మీ స్థలంలోంచి వదలమంటారు.

అది ఇంటిని ఎంత కుదిస్తుందో లెక్క చూడండి. మన 160 గజాల స్థలం 9.14 మీటర్ల వెడల్పు, 14.63 మీటర్ల లోతు, మొత్తం 133.8 చదరపు మీటర్లు. 2017 నిబంధనల పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి, మామూలు వీధిలో ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అంటే కట్టుకోగలిగేది 7.14 మీటర్లు, 12.13 మీటర్లు, అంతస్తుకు దాదాపు 932 చదరపు అడుగులు. ఇప్పుడు మీ ముందున్నది 20 అడుగుల వీధి, మాస్టర్ ప్లాన్‌లో 9 మీటర్లు అనుకుందాం. 20 అడుగులంటే 6.1 మీటర్లు. లోటు 2.9, అందులో మీ వంతు 1.45 మీటర్లు. స్థలంలో దాదాపు 16 గజాలు వీధికి పోతాయి. ముందు సెట్‌బ్యాక్ కొత్త హద్దు నుంచి మొదలవుతుంది కాబట్టి అంతస్తు విస్తీర్ణం 821 చదరపు అడుగులకు పడిపోతుంది. మూడు పడక గదులు అనుకున్న ఇల్లు రెండు గదులకు దిగేది ఇక్కడే.

ఇలా రోడ్డుకు వదిలిన జాగాను కార్పొరేషన్ పేర గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ చేసివ్వాలి. ఊరికే ఇచ్చేసి ఊరుకోకండి. దానికి బదులు టీడీఆర్ బాండు (అమ్ముకోగల నిర్మాణ హక్కు పత్రం) గానీ, సెట్‌బ్యాక్‌లలో సడలింపు గానీ కోరే వీలు నిబంధనల్లోనే ఉంది. చిన్న స్థలంలో సడలింపే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం. పదహారు గజాల బాండు అమ్ముకోవడం అంత తేలిక కాదు.

తలెత్తి పైకీ చూడండి. హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు తీగలకు 3 మీటర్లు, ఎల్‌టీ (లో టెన్షన్) తీగలకు 1.5 మీటర్ల దూరం అటు నిలువుగా, ఇటు అడ్డంగా ఉండాలి. మొదటి అంతస్తు బాల్కనీ ఎత్తుకు వచ్చేసరికి తీగలు ఎక్కడుంటాయో ఇప్పుడే ఊహించుకోవాలి. శంకర్ విలాస్ దగ్గర నుంచి పోయే రైల్వే లైనుకు దగ్గరున్న స్థలమైతే, రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు ఉందేమో కొలవండి. ఉంటే రైల్వే నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. పీకలవాగు లాంటి మురుగు, వాన నీటి కాలువల పక్కన కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు వదలాలి. వేసవిలో ఎండి, పిచ్చిచెట్లతో నిండిన కాలువ కూడా రికార్డుల్లో కాలువే.

ఎల్‌టీపీ, డ్రాయింగ్

మీ తరఫున దరఖాస్తు పెట్టేది లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, అందరూ ఎల్‌టీపీ అంటారు. లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో ముందే అడగండి. కొన్నిచోట్ల గీసేది ఒకరు, లైసెన్సు ఇంకొకరిది. స్థలం చూడకుండా సంతకం పెట్టే మనిషితో మీకు పని లేదు. దరఖాస్తులో సెల్ నంబరు మీదే ఇవ్వాలి. మధ్యవర్తి ‘అంతా నేను చూసుకుంటా’ అని తన నంబరు ఇస్తే, అధికారులు షార్ట్‌ఫాల్ (లోపాల నోటీసు) వేసినా మీకు తెలియదు. ఫైలు ‘ఆఫీసులోనే ఆగింది’ అని ఆయన చెప్తుంటే మీరు నమ్ముతూ ఉంటారు.

దరఖాస్తు వెళ్లేది ఏపీ డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి. క్యాడ్‌లో గీసిన డ్రాయింగ్‌ను ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది. హద్దు గీత, రోడ్డు, గోడలు, మెట్లు, కిటికీలు ఒక్కోటి దానికి కేటాయించిన లేయర్‌లో లేకపోతే నిబంధన ప్రకారం ఉన్నా తిప్పికొడుతుంది. ఇది ఎల్‌టీపీ సరిచేసుకోవాల్సిన పని. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది ఎత్తు. మూడు అంతస్తులకు, ఒక్కోటి 3.2 మీటర్లు వేస్తే 9.6. దానికి రోడ్డు మట్టం నుంచి రెండడుగుల పీఠం కలిపితే 10.2 అవుతుంది, 10 మీటర్ల గీత దాటింది. అంతస్తు 3 మీటర్లకు దించితే మొత్తం 9.6తో సరిపోతుంది. వానకు వీధి మునుగుతుందని పీఠం ఎత్తాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే చేసుకోవాలి.

రెండోది మెట్లు, బాల్కనీ. పై అంతస్తు అద్దెకివ్వాలని బయటి మెట్లను పక్క సెట్‌బ్యాక్‌లోకి తోసేయడం మన ఊళ్లో మామూలు. అది నిబంధనలకు విరుద్ధం. బాల్కనీ కూడా తప్పనిసరిగా వదలాల్సిన జాగాలోకి రాకూడదు. సజ్జా మాత్రం 60 సెంటీమీటర్ల దాకా రావొచ్చు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత నేల లోపలే ఉంటాయి కాబట్టి ఖాళీ జాగాలో పెట్టుకోవచ్చు. వాటి స్థానాలు డ్రాయింగ్‌లో చూపించాలి.

మూడోది వాస్తు. సిద్ధాంతిగారిని ప్లాన్ మంజూరయ్యాక కాదు, గీయకముందే పిలవండి. ముగ్గు పోసే రోజున ఈశాన్యం పెంచమనో, వంటగదిని ఆగ్నేయానికి జరపమనో ఆయన అంటే మేస్త్రీ అలాగే జరుపుతాడు, మంజూరైన ప్లాన్‌కూ ఇంటికీ అక్కడే తెగిపోతుంది.

స్ట్రక్చరల్ డిజైన్‌ను కాగితం కోసం చేయించకండి. గుంటూరు చుట్టూ చాలాచోట్ల నల్లరేగడి నేల. తడికి ఉబ్బి, ఎండకు బిగుసుకుని పగుళ్లు ఇస్తుంది. మట్టి పరీక్ష చేయించి, పునాది ఎంత లోతుకు, ఏ రకంగా వేయాలో ఇంజనీరుతో రాయించుకోండి. పక్కింటివాళ్లు వేసిన పిల్లర్ సైజు చూసి మేస్త్రీ చెప్పేది డిజైన్ కాదు.

18 మీటర్ల ఎత్తు లోపు నివాస భవనాలకు 2025 నుంచి స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చింది. యజమాని, ఎల్‌టీపీ ఇద్దరూ ‘అంతా నిబంధన ప్రకారమే’ అని హామీ ఇచ్చి, రుసుములు కడితే అనుమతి వస్తుంది. తనిఖీ ఆ తర్వాత. వేగంగా అవుతుంది, నిజమే. అయితే ఇదివరకు అధికారి స్థలానికి వచ్చి ‘ఇక్కడ రోడ్డు చాలదు’ అని ముందే చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాట పునాది లేచాక వినాల్సి రావొచ్చు. తప్పు చూపినట్టు తేలితే అనుమతి రద్దు, ఎల్‌టీపీ లైసెన్సుకూ ముప్పు. సంతకం పెట్టే ముందు ఆ హామీ పత్రాన్ని తెలుగులో చదివించుకోండి.

డబ్బు

రుసుముల పత్రంలో ఎన్నో పద్దులుంటాయి: పరిశీలన రుసుము, బిల్డింగ్ పర్మిట్ ఫీజు, అభివృద్ధి రుసుములు, బెటర్‌మెంట్ చార్జీలు, ప్రహరీకి, శిథిలాల తొలగింపుకి, ఇంకుడు గుంతకి, అవసరమైతే పైన చెప్పిన 14 శాతం. కార్మిక సంక్షేమ సెస్సు కట్టడం ఖర్చులో ఒక శాతం. సొంతానికి కట్టుకునే ఇల్లు ఖర్చు 10 లక్షల లోపైతే 2025 నవంబరు దాకా ఇది వర్తించేది కాదు, ఆ తర్వాత అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ పరిమితి 50 లక్షలు. మొత్తం చూసి గాభరా పడకుండా, ఏ విస్తీర్ణం మీద, ఏ మార్కెట్ విలువ మీద లెక్కగట్టారో ఒక్కో వరుసా చూడండి. వీధికి వదిలిన జాగా మీద కూడా రుసుము వేశారేమో, ఇదివరకే ఎల్‌ఆర్‌ఎస్ కట్టిన ప్లాట్‌కు మళ్లీ 14 శాతం పడిందేమో గమనించండి. చెల్లింపు ఆన్‌లైన్‌లోనే, రసీదు మీ పేరున రావాలి. రసీదు లేని ఏ ‘ఖర్చు’ గురించీ ఇక్కడ రాయడానికేమీ లేదు.

షార్ట్‌ఫాల్ వస్తే అందులో రాసిన ప్రతి అంశానికీ ఒకేసారి జవాబివ్వండి. సగం కాగితాలు పెట్టి మిగతావి తర్వాత అంటే ఫైలు మళ్లీ మొదటి మెట్టుకు వస్తుంది. కారణం చెప్పకుండా ఆగిపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో దరఖాస్తు నంబరుతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

అనుమతి వచ్చాక

మంజూరు ఉత్తర్వులో షరతులు వెనక పేజీల్లో ఉంటాయి. చదవండి. చిన్న ఇళ్లకు అనుమతి మూడేళ్లు చెల్లుతుంది, పని 18 నెలల లోపు మొదలుపెట్టాలి. మొదలుపెట్టే ముందు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. పెద్ద స్థలాల్లో, ఎక్కువ ఎత్తున్న కట్టడాల్లో పది శాతం విస్తీర్ణాన్ని కార్పొరేషన్‌కు తనఖా పెట్టమనే షరతు ఉంటుంది. మీ ఉత్తర్వులో అది ఉంటే ఏ గది ఏ అంతస్తులో తనఖా పడిందో ప్లాన్‌లో గుర్తించి ఉంచుకోండి, బ్యాంకువాళ్లు అడుగుతారు.

ముగ్గు పోసేటప్పుడు ఎల్‌టీపీ అక్కడ ఉండాలి. గోడ మందం, పూత అన్నీ కలిపాక బయటి అంచు నుంచి హద్దుకు మీటరు మిగలాలి. మేస్త్రీలు పిల్లర్ మధ్య గీత నుంచి కొలిచి మీటరు ఉందంటారు. గోడ, పూత పూర్తయ్యాక చూస్తే అరడుగు తగ్గి ఉంటుంది. ఒక మీటరులో అరడుగంటే 15 శాతం. ముందు వైపు కాకుండా మిగతా వైపుల్లో పది శాతం లోపు తేడాను జరిమానాతో సరిపెట్టే వీలుంది. దీనికి అదీ దాటిపోయింది. పీఠం మట్టానికి వచ్చాక ఫొటోలు తీసి, కొలతలు మళ్లీ చూసుకోండి. సరిదిద్దుకోగల చివరి అవకాశం అదే. స్లాబ్ పడ్డాక సరిదిద్దడమంటే పగలగొట్టడమే.

మధ్యలో మనసు మారి గది పెంచాలన్నా, అంతస్తు వేయాలన్నా ముందు సవరించిన ప్లాన్ తెచ్చుకోండి. కట్టేసి తర్వాత చూసుకుందాం అనేవాళ్లకు ఆస్తి పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా అదనపు జరిమానా పడుతుంది. అది ఏటా పడుతుంది. క్రమబద్ధీకరణ పథకాలు అప్పుడప్పుడూ వస్తాయి. వాటిని నమ్ముకుని ఇల్లు కట్టకూడదు.

ఇల్లు పూర్తయ్యాక ఎల్‌టీపీ పూర్తయినట్టు నోటీసు, నాలుగు వైపుల ఫొటోలు, ఇంకుడు గుంత ఫొటో, స్ట్రక్చరల్ ఇంజనీరు ధ్రువపత్రం పెట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగాలి. గృహప్రవేశం అయిపోయింది కదా అని దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇది లేకపోతే కరెంటు, నీటి కనెక్షన్లను రెగ్యులర్ చేయకుండా ఆపవచ్చు, మూడు రెట్ల రేటు వేసే వీలూ నిబంధనల్లో ఉంది. తనఖా విడిపించాలన్నా ఇదే కావాలి. అది చేతికొచ్చాక ఖాళీ స్థలం పన్ను అసెస్‌మెంట్‌ను ఇంటి పన్నుగా మార్పించండి. లేదంటే రెండు పన్నులూ ఒకే జాగాకు వస్తూనే ఉంటాయి.